ఆటస్థలమున దైవసేవ: ఆమోసు అలాంజో స్టాగ్ గారి జీవితము

సాయంకాలపు గంట మ్రోగినతోడనే పాఠశాల బాలురు పుస్తకములు మూసి ఆటస్థలమునకు పరుగిడుట మనము ప్రతిదినము చూచుచున్నదే. దానిని చూచి సంతోషించు తలిదండ్రులు కొందరు. ఆటలు చదువునకు శత్రువులని విచారించువారు మరికొందరు. ఆట నేర్పుట ఉపాధ్యాయుని ధర్మములలో ఒకటి యగునా, దైవభక్తి గలవాడు బంతి వెంట తన ఆయుష్యమును గడపవచ్చునా యను ప్రశ్నలు నేటివి కావు. అమెరికా దేశమున ఒక యువకుడు మతబోధకుడు కావలెనని బయలుదేరి, ప్రసంగపీఠమును విడిచి ఆటస్థలమును చేరి, సుమారు డెబ్బది సంవత్సరములు అక్కడనే యువజనులకు సేవ చేసెను. ఆయన పేరు ఆమోసు అలాంజో స్టాగ్. ఆయన జీవితమును, అందును ముఖ్యముగా 1905వ సంవత్సరమున ఆయన శిక్షించిన కళాశాల జట్టు సాధించిన విజయమును, ఆ విజయమునకు తరువాత జరిగిన సంగతులను తెలిసికొన్నచో పై ప్రశ్నలకు జవాబు మనకే తోచగలదు.

స్టాగ్ 1862వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని వెస్ట్ ఆరెంజ్ అను ఊర జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి కుటుంబమును పోషించుకొను బీదవాడు. ఎనమండుగురు సంతానములో ఆమోసు అయిదవవాడు. వారు కాపురమున్న పేటలో మద్యపుటంగళ్లు మెండు. త్రాగుడు వలన చెడిపోయిన కుటుంబములను కన్నులార చూచిన ఆ బాలుడు జీవితాంతము మద్యమును గాని పొగాకును గాని ముట్టలేదు. కూలిపనులు చేసి, ఆ డబ్బుతో చదువుకొనవలసి వచ్చినందున అతని చదువు ఆలస్యముగా సాగెను. న్యూహాంప్‌షైరులోని ఎక్సెటరు విద్యాలయమున కొంతకాలము చదివి, 1884లో, అనగా తన యిరువది రెండవయేట, ప్రసిద్ధమైన యేల్ కళాశాలలో చేరెను. అతని కోరిక యొక్కటియే. దైవసేవకుడై సంఘమునకు బోధించుట.

యేల్‌లో నతడు పడిన కష్టములు మన బీద విద్యార్థులకు క్రొత్తగా తోచవు. చలికాలమున నిప్పుగూడులేని మేడమీది చిన్నగదిలో నివసించుచు, భోజనపు ఖర్చు తగ్గించుకొనుటకై అరకడుపు తినుచు, తుదకు బలహీనుడై జబ్బుపడెను. అట్టివాడు ఆ కళాశాలలో గొప్ప ఆటగాడగుట వింత. బేస్‌బాలు అను ఆట మన క్రికెట్టు వలె ఒకడు బంతి విసరగా మరొకడు కొయ్యతో కొట్టునట్టిది. అందు స్టాగ్ బంతి విసరువాడు. 1888 మే నెలలో ప్రిన్స్‌టన్ కళాశాలతో జరిగిన పందెములో ఇరువదిమందిని బంతి తగులనీయక వెడలగొట్టెను. ఆ వార్త విని, జీతమునకు ఆడు జట్లవారు పెద్ద మొత్తములు చూపి అతనిని పిలిచిరి. అరకడుపు తిని చదువుకొనినవానికి ఆ ధనము చిన్నది కాదు. అయినను ఆ ఆటస్థలములలో మద్యము అమ్ముచుండిరనియు, డబ్బుకొరకు ఆడుట తన పిలుపునకు తగదనియు తలంచి అతడు వెళ్లలేదు. పట్టము పుచ్చుకొని యేల్‌లోనే వేదాంతవిద్యను అభ్యసింప మొదలిడెను. 1889లో దేశమంతటి కళాశాలలనుండి ఉత్తములైన పదునొకండుగురు ఫుట్‌బాలు ఆటగాండ్రను మొట్టమొదటిసారి ఏరినప్పుడు ఆ జాబితాలో ఈ వేదాంత విద్యార్థి పేరును ఉండెను.

కాని యొక కష్టము తటస్థించెను. పదిమంది యెదుట నిలిచి మాటలాడవలసివచ్చినప్పుడు స్టాగ్‌కు నోరు పెగలెడిది కాదు. హృదయమందు భక్తి యున్నను దానిని వాక్కుగా వెలిబుచ్చు శక్తి తనకు లేదని అతడు గ్రహించెను. ఎన్నో యేండ్లు కోరుకొనిన పని తనకు తగినది కాదని ఒప్పుకొనుట యెంత కఠినమో అనుభవించినవారికే తెలియును. అతడు నిరాశపడక, దేవుడు తనకు నోటికంటె చేతులను కాళ్లను ఎక్కువగా ఇచ్చినాడు గనుక వానితోనే సేవింతునని నిశ్చయించుకొనెను. 1890లో మసాచుసెట్సు రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డు నగరములో క్రైస్తవ యువజన సమాజమువారు, అనగా వై.ఎం.సి.ఏ. వారు, నడుపుచుండిన శిక్షణ పాఠశాలలో చేరెను.

ఈ పాఠశాల పేరు మన దక్షిణదేశపు విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగినది. అక్కడ స్టాగ్ జట్టులో ఆడిన జేమ్సు నైస్మిత్ అను నతడే 1891లో బాస్కెట్‌బాలు ఆటను కనిపెట్టెను. 1892 మార్చి 11వ తేదీన ప్రజలయెదుట ఆ ఆట మొదటిసారి ఆడబడినప్పుడు విద్యార్థులు ఉపాధ్యాయులను అయిదింటికి ఒకటిగా ఓడించిరి. ఉపాధ్యాయుల పక్షమున బుట్టలో పడిన ఆ యొక్క బంతిని వేసినవాడు స్టాగ్. అదే స్ప్రింగ్‌ఫీల్డులో శిక్షణ పొందిన హారీ క్రో బక్ గారు 1920లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించిరి. తెలుగు జిల్లాల ఉన్నత పాఠశాలలలో పనిచేసిన డ్రిల్లు మాష్టరులలో అనేకులు అక్కడ చదివినవారే. కావున మన ఆటస్థలములకును స్టాగ్ నడచిన ఆటస్థలములకును దూరపు బంధుత్వము కలదని చెప్పవచ్చును.

నెల్లూరు, ఒంగోలు సీమలలో సువార్తపనియు విద్యాదానమును చేసిన అమెరికను బాప్టిస్టు సంఘమువారిని ఎరుగని తెలుగువారుండరు. ఆ సంఘపు విద్యాసమాజమువారు రాక్‌ఫెల్లరు గారి ధనసహాయముతో 1890లో షికాగో విశ్వవిద్యాలయమును స్థాపించిరి. దాని మొదటి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పరు. ఆయన హెబ్రీభాషాపండితుడు, యేల్‌లో నున్నప్పుడు స్టాగ్ ఆయనకు శిష్యుడు. శరీరశిక్షణము కూడ విద్యలో భాగమేయని నమ్మిన హార్పరు 1892లో విశ్వవిద్యాలయపు తలుపులు తెరచినప్పుడు స్టాగ్‌ను వ్యాయామశాఖకు అధిపతిగా నియమించెను. అంతేకాక, తక్కిన ఆచార్యులతోపాటు ఆయనకును స్థిరమైన ఆచార్యపదవి నిచ్చెను. ఆటలు నేర్పువానికి అట్టి గౌరవము అంతకుముందు ఎక్కడను లేదు. మొదటి సంవత్సరమున ఆటగాండ్రు చాలనందున శిక్షకుడే జట్టులో దిగి ఆడవలసివచ్చెను. 1894లో ఆయన అచ్చటి విద్యార్థిని స్టెల్లా రాబర్ట్‌సన్‌ను వివాహమాడెను. ఆమె ఆటలయందు భర్తకు నిజమైన సహకారిణి. పోటీజట్ల ఆటలను గమనించి, వివరములు వ్రాసి యుంచెడిది.

స్టాగ్ కఠినుడైన శిక్షకుడు. కాని ఆయన నోట దుర్భాష వెడలుట యెవ్వరును వినలేదు. మిక్కిలి కోపము వచ్చినప్పుడు శిష్యుని గాడిద యని మందలించెడివాడు. అంతకు మించిన తిట్టు ఆయన యెరుగడు. ఆటకు ముందు ప్రార్థించునప్పుడు గెలుపును అడుగక, ప్రతివాడును తన శక్తికొలది ఆడునట్లు అనుగ్రహింపుమని మాత్రమే వేడుకొనెడివాడందురు.

ఇక 1905వ సంవత్సరపు కథకు వత్తము. అమెరికాలో ఫుట్‌బాలనునది మనమాడు ఆట కాదు. బంతి కోడిగ్రుడ్డు ఆకారముగా నుండును. దానిని కాలితో తన్నుటయే కాక, చేత పట్టుకొని ఎదిరిజట్టును చీల్చుకొని పరుగిడవచ్చును. పట్టుకొని పోవువానిని తక్కినవారు మీదపడి కూలద్రోయవచ్చును. ఆ దినములలో బంతిని ఎదిరి గోలుగీత దాటించినచో 5 పాయింట్లు. కొయ్యల నడుమ తన్ని గోలు చేసినచో 4. బంతి చేతనున్నవాడు తన గోలుగీతకు వెనుకనే పట్టువడినచో ఎదిరివారికి 2 వచ్చుచుండెను. పటాలములవలె ఒండొరులపై విరుచుకొనిపడు ఆ యాటలో ప్రాణములు పోవుటయు కలదు. 1905 అక్టోబరులో రాష్ట్రపతి థియొడోరు రూజ్‌వెల్టు గారు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ కళాశాలల ప్రతినిధులను పిలిపించి, ఈ ఆటను సంస్కరింపుడని హెచ్చరింపవలసినంత దుస్థితి యేర్పడెను.

ఆ సంవత్సరము షికాగో జట్టునకు మార్కు కాట్లిన్ నాయకుడు. బంతిని నడపించువాడు వాల్టరు ఎకర్‌సాల్ అను చిన్నవాడు. పరుగునను కాలిదెబ్బను అతనికి సమానుడు అరుదు. జట్టు ఆ యేడు ఐయోవాను 42 పాయింట్లతోను, నార్తువెస్టర్ను జట్టును 32తోను, ఇల్లినాయిని 44తోను జయించెను. ఈ మూడు జట్లకును ఒక్క పాయింటైనను దక్కలేదు. ఇండియానా జట్టు మాత్రమే 5 పాయింట్లు సంపాదించి 16కు ఓడెను. విస్కాన్సిన్‌తో జరిగిన ఆట కడు కష్టమైనది. ఎకర్‌సాల్ కాలితో తన్నిన ఒక్క గోలుచే 4 పాయింట్ల గెలుపు దక్కెను.

మిగిలినది మిషిగన్. ఆ జట్టు శిక్షకుడు ఫీల్డింగు యోస్టు. ఆయన వచ్చిన 1901 మొదలు ఆ జట్టు 56 ఆటలు ఆడి, ఒక దానిని సరిసమానముగా ముగించి, తక్కిన 55 గెలిచెను. ఓటమి యన్నది దానికి తెలియదు. 1905లో ఆడిన 12 ఆటలలో దానిమీద ఎవ్వరును ఒక్క పాయింటు చేయలేదు. షికాగో జట్టు నాలుగేండ్లు వరుసగా ఆ జట్టు చేతిలో ఓడియుండెను. ఇంతలో స్టాగ్‌కు పెద్దదిక్కైన హార్పరు పుండువ్యాధిచే, అనగా క్యాన్సరుచే, మంచము పట్టి యుండెను. ఆయన బ్రదుకు దినములు లెక్కింపదగినవని అందరకు తెలియును.

నవంబరు 30వ తేదీన, ఆ దేశస్థులు దేవునికి కృతజ్ఞతలర్పించు పండుగనాడు, షికాగోలోని మార్షల్ ఫీల్డు ఆటస్థలమున రెండు జట్లు నిలిచెను. చలి విపరీతముగా నున్నను 20,000కు మించిన జనులు చేరిరి. మొదటి సగము పాయింట్లు లేకయే గడచెను. రెండవ సగమున ఒకసారి షికాగోవారు తమ గోలుగీత యొద్దకు నెట్టబడిరి. బంతిని దూరముగా తన్ని ఆపద తప్పించుకొనుట వాడుక. ఎకర్‌సాల్ తన్నునట్లు నటించి, తన్నక, బంతితో పరుగెత్తి జట్టును గండము గడపెను. తరువాత అతడు తన్నిన బంతి మిషిగన్ గోలుగీత దాపునకు పోగా, అక్కడి యువకుడొకడు దానిని అందుకొని, గీత వెనుకనే ఊరకుండక, బయటికి పరుగెత్తబోయెను. అంతలో కాట్లిన్ మొదలగువారు అతనిమీదపడి గీత వెనుకకు నెట్టుకొనిపోయి కూలద్రోసిరి. షికాగోకు రెండు పాయింట్లు వచ్చెను. ఆట ముగియువరకు మరి పాయింటు లేదు. అయిదేండ్ల అజేయమైన జట్టు రెండు పాయింట్లతో ఓడెను. ఆ యేడు మిషిగన్ మీద ఎవరైనను చేసిన పాయింట్లు ఆ రెండే.

షికాగో నగరమంతయు ఉత్సవము చేసికొనెను. కథ ఇంతటితో ముగిసినచో అది కేవలము విజయగాథ యగును. కాని బంతి ఆగిన తరువాతనే అసలు పరీక్ష మొదలయ్యెను.

మొదటిది, బంతితో బయటికి పరుగెత్తబోయిన యువకుని సంగతి. పదునొకండుగురు ఆడిన ఆటలో ఓటమి భారమంతయు పత్రికలు అతని ఒక్కని తలమీద మోపెను. అతడు చేసిన తప్పు ఒక క్షణకాలపు తొందర. దానికి లోకము విధించిన శిక్ష జీవితకాలము. ఆ వేదన అతనిని కడవరకు విడువలేదందురు. ఓడినవానిని నిందించి నవ్వువారు ఈ సంగతి మరువకుందురు గాక.

రెండవది, గెలిచినవాని సంగతి. ఎకర్‌సాల్ పేరు దేశమంతట మారుమ్రోగెను. కాని తరగతులలో అతడు వెనుకబడి, పట్టము పొందకయే విశ్వవిద్యాలయమును విడిచెను. తరువాత పత్రికలలో ఆటలనుగూర్చి వ్రాయుచు పేరుగాంచి, 1930లో నడివయస్సుననే మరణించెను. అట్టి ప్రజ్ఞావంతుని చదువును కాపాడలేకపోయిన లోపము విశ్వవిద్యాలయమునకే కాక స్టాగ్‌కును కొంత తగులును. శిష్యుల నడతయందు అంత కఠినుడైన గురువు, ఈ శిష్యుని పుస్తకముల విషయమున అంత కఠినుడు కాలేదు. సత్పురుషుల జీవితములందును ఇట్టి మచ్చలుండును. వానిని దాచుటకంటె వానినుండి నేర్చుకొనుట మేలు.

మూడవది, ఆట సంగతి. 1906 జనవరి 10వ తేదీన హార్పరు పరమపదించెను. ఆ నెలలోనే పశ్చిమ విశ్వవిద్యాలయముల ఆచార్యులు సమావేశమై, ఫుట్‌బాలు వలన చదువునకు కలుగుచున్న హానినిగూర్చి విచారించిరి. మొదటి సంవత్సరపు విద్యార్థులు పెద్దజట్టులో ఆడరాదనియు, మూడేండ్లకు మించి ఎవ్వరును ఆడరాదనియు, యేటికి అయిదు ఆటలే చాలుననియు కట్టడి చేసిరి. దేశములో అత్యుత్తమమైన జట్టు గల శిక్షకునకు ఇది యెదురుదెబ్బయే. అయినను స్టాగ్ ఆటను విడిచిపోలేదు. ఆట నిబంధనల సభలో సభ్యుడై, దానిని సంస్కరించుటకు తోడ్పడెను. బంతిని ముందునకు విసరుట 1906లో అనుమతింపబడినందున, గుంపులు గుంపులుగా మీదపడు పద్ధతికి బదులు నేర్పునకు చోటు కలిగెను. స్టాగ్ ఆ క్రొత్త పద్ధతిని మొదట చేపట్టినవారిలో ఒకడు.

ఆయన షికాగోలో నలుబది యేండ్లు పనిచేసెను. 1932లో డెబ్బదియేండ్లు నిండగా, విశ్వవిద్యాలయపు నియమము ప్రకారము శిక్షకపదవినుండి విరమించుకొనవలసినదని అప్పటి అధ్యక్షుడు రాబర్టు హచిన్సు తెలియజేసెను. వేరొక గౌరవోద్యోగము చూపిరి గాని, యువకులతో పనిలేని ఉద్యోగము తనకు వలదని స్టాగ్ నిరాకరించెను. తక్కినవారు కృష్ణా రామా యని ఇంట కూర్చుండు వయస్సున ఆయన భార్యతో కాలిఫోర్నియా రాష్ట్రమునకు తరలిపోయి, స్టాక్టన్ నగరములోని పసిఫిక్ కళాశాల యను చిన్న విద్యాసంస్థలో 1933 మొదలు మరల మొదటి పాఠమునుండి నేర్ప నారంభించెను. అది పెద్దపేరు లేని కళాశాల. గొప్ప జట్లతో ఆడి ఓడిన దినములే యెక్కువ. అయినను సాయంకాలములందు ఆయన ఆటస్థలమునకు పోవుట మానలేదు.

కాలచక్రము వింతగా తిరుగును. 1938లో ఆయన తన చిన్నజట్టుతో షికాగోకు వచ్చి, తన పేరే పెట్టబడియున్న స్టాగ్ ఫీల్డున, తన పాత విశ్వవిద్యాలయపు జట్టును 32 పాయింట్లతో ఓడించెను. మరుసటి యేటనే షికాగో విశ్వవిద్యాలయము ఫుట్‌బాలును పూర్తిగా ఎత్తివేసెను. జనులు కేకలు వేసిన ఆ ఆటస్థలపు పడమటి మెట్లక్రింద 1942 డిసెంబరు 2వ తేదీన ఎన్రికో ఫెర్మీ మొదలగు శాస్త్రజ్ఞులు అణుశక్తిని మొదటిసారి మానవుని అదుపులో విడుదల చేసిరి. తాను కట్టిన జట్టు మాయమై, తన ఆటస్థలము మరియొక పనికి మారినను, స్టాగ్ దిగులుపడి కూర్చుండలేదు. 1943లో, ఎనుబదియొకటవయేట, ఆయన సాటి శిక్షకులే ఆయనను ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకునిగా ఎన్నుకొనిరి.

1946లో పసిఫిక్ కళాశాలను విడిచి, పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా విశ్వవిద్యాలయములో శిక్షకుడుగా నున్న తన కుమారునికి సహాయకుడై 1947 మొదలు 1952 వరకు పనిచేసెను. ఒకప్పుడు దేశమునకే పెద్దయైనవాడు కన్నకొడుకు చేతిక్రింద పనిచేయుటకు చిన్నతనము పడలేదు. పిమ్మట స్టాక్టన్‌కు మరలివచ్చి, అక్కడి చిన్నకళాశాలలో బాలురకు బంతి తన్నుట నేర్పుచు, తొంబదియెనిమిదేండ్ల వయస్సున, 1960లో పని చాలించెను. కళాశాల ఫుట్‌బాలు మహనీయుల పట్టికలో 1951లో ఆయనను ఆటగానిగాను శిక్షకునిగాను రెండు విధముల చేర్చిరి. 1959లో బాస్కెట్‌బాలు మహనీయుల పట్టికలోను చేర్చిరి. జీవితమందెల్ల తోడుండిన స్టెల్లా 1964లో గతించెను. 1965 మార్చి 17వ తేదీన, నూటరెండేండ్లు నిండిన స్టాగ్ స్టాక్టన్‌లో కన్నుమూసెను. ఆయన జట్లు గెలిచిన ఫుట్‌బాలు ఆటలు మూడువందలకు మించినవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వత్తము. స్టాగ్ ప్రసంగపీఠము నెక్కకపోవుటచేత దైవసేవ మానినవాడు కాలేదు. నోట చెప్పలేనిదానిని ఆయన నడతచే చెప్పెను. పేదరికములో ధనమునకు లొంగలేదు. గెలుపునకై దేవుని వేడలేదు. పదవి పోయినప్పుడు పని మానలేదు. 1905వ సంవత్సరపు రెండు పాయింట్లు లెక్కపుస్తకములో నిలిచియున్నవి. కాని ఆ దినమున ఆడిన యువకులలో ఒకడు నిందకు క్రుంగుటయు, మరొకడు కీర్తిలో చదువు పోగొట్టుకొనుటయు చూచినచో, జట్టు గెలిచినదా ఓడినదా యని సాయంకాలమున తేలునది సగము లెక్కయే యని తెలియును. ఆడిన బాలురు ఎట్టి మనుష్యులైరో పది యిరువది యేండ్లకు తేలునదే తక్కిన సగము.

విద్యార్థులారా, ఆటస్థలమునకు పొండు, మనసార ఆడుడు. మీ చేతినుండి బంతి జారిన తోడివానిని నిందింపకుడు. గెలిచి యింటికి వచ్చిన రాత్రియును దీపము ముట్టించి మరునాటి పాఠమును చదువుకొనుడు. తలిదండ్రులారా, బిడ్డ మోకాళ్లకు అంటిన దుమ్మును చూచి కోపింపకుడు. అతని పుస్తకములను మాత్రము అడిగి చూడుడు. ఈ రెండును కూడియున్న యింటిలో ఆట చదువునకు శత్రువు కాదు, తోబుట్టువే యగును.